కోల్టా? డెజర్ట్ ఈగిలా?

ఈ వారం ఓ కొత్త హీరోయిన్ సంగతులు రాస్తానని పోయిన వారం మాటిచ్చాను. క్షమించాలి. ఆ అమ్మాయి వచ్చే వారం దాకా ఆగుతుంది. మధ్యలో రెండు పిస్తోళ్ళు అడ్డొచ్చాయి.

పండక్కి మా వూరు వెళ్ళాను. మా వూరంటే మడకశిర. హిందూపురం దాకా రైలు, అక్కణ్ణించి బస్సు. కొండ మీద కోట, కొండ కింద వూరు, వూరి చుట్టూ శెనక్కాయ చేలు, మల్బరీ తోటలు, కాస్త నీళ్ళున్న చోట వక్కతోటలు. నాలుగడుగులు అటు వేస్తే కన్నడ దేశం. అంచేత మావాళ్ళు తెలుగు హీరోకీ, కన్నడ హీరోకీ సమానంగా ఈలలు వేస్తారు. ఈ విషయంలో మాకు పక్షపాతం లేదు.

సినిమా పత్రికకి రాసేవాడు వూళ్ళో దిగాడంటే ఏమవుతుందో మీకు తెలియంది కాదు. ఫలానా తార నిజంగా అంత తెల్లగా వుంటుందా అని మేనత్త అడుగుతుంది. మనవాడికి ఏదైనా వేషం ఇప్పించమని పక్కింటి పెద్దాయన అడుగుతాడు. వీటన్నిటికీ జవాబులు రెడీ చేసుకునే వెళతాను. కానీ బస్టాండు దగ్గర టీ కొట్లో ఇద్దరు కుర్రాళ్ళు అడిగిన దానికి మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది.

ఇద్దరూ డిగ్రీ ఆఖరి సంవత్సరం. ఇరవై నిమిషాల లఘుచిత్రం తీస్తున్నారట. ఒకతను కథ రాశాడు, రెండో అతను కెమెరా పడతాడు. పేర్లెందుకు గానీ, ‘కథ’ అనీ ‘కెమెరా’ అనీ పిలుచుకుందాం. కెమెరా తన సెల్‌ఫోన్ నా టీ గ్లాసు పక్కన పెట్టి రెండు బొమ్మలు చూపించాడు.

“నా, ఒక్క డౌటు. మా హీరో చేతికి ఏది బాగుంటాది? కోల్ట్ నలభై అయిదా, డెజర్ట్ ఈగిలా? నువ్వు ఏది సెప్తే అదే.”

వక్కల ధర అడిగినంత తేలిగ్గా అడిగేశాడు. ఇద్దరికీ అప్పటికే వారం రోజులుగా మాటల్లేవుట, ఈ విషయం మీదే. కథకి కోల్ట్ కావాలి. కెమెరాకి ఈగిల్ కావాలి. బెంగళూరులో బొమ్మ పిస్తోళ్ళు అమ్మే మనిషిని పట్టుకున్నారు. డబ్బులు ఒకదానికే వున్నాయి.

నవ్వొచ్చింది. నవ్వాక ఆలోచిస్తే, పెద్ద పెద్ద దర్శకులు తలలు పట్టుకున్న ప్రశ్నే ఇది అనిపించింది. అందుకే ఈ వారం మీ ముందు పెడుతున్నాను.

ముందు కాస్త పాఠం. తుపాకీ గొట్టం వెడల్పుని బోరు అంటారు. బోరు గురించి బోరు కొట్టకుండా చెప్పడం కష్టమే, అయినా ప్రయత్నిస్తాను.

మన సినిమాల్లో రివాల్వర్‌కీ, పిస్తోలుకీ తేడా లేదు. రచయిత ‘రివాల్వర్ తీశాడు’ అని రాస్తాడు, హీరో పిస్తోలు తీస్తాడు, విలన్ ‘తుపాకీ కింద పడెయ్’ అంటాడు. అసలు సంగతేమిటంటే, రివాల్వర్‌కి నడుం దగ్గర గుండ్రటి గిన్నె తిరుగుతుంది. అందులో మామూలుగా ఆరు తూటాలు. పిస్తోలుకి ఆ గిన్నె వుండదు. తూటాలు పిడిలో దూర్చే మ్యాగజైన్‌లో, ఒకదాని మీద ఒకటి పేర్చి వుంటాయి. ఒకటి పేలగానే ఆ దెబ్బకే పైనున్న ఇనప తొడుగు, అంటే స్లైడు, వెనక్కి జరిగి ఖాళీ గొట్టాన్ని బయటికి విసిరేస్తుంది. స్ప్రింగు దాన్ని మళ్ళీ ముందుకు తోస్తుంది. ఆ తోపులో కొత్త తూటా ఎక్కి కూర్చుంటుంది. కాకపోతే ప్రతి తూటాకీ మళ్ళీ ట్రిగ్గర్ నొక్కాల్సిందే. అందుకే దాన్ని సెమీ ఆటోమేటిక్ అన్నారు.

కోల్ట్ పుట్టుకే ఓ సినిమా కథ. ఫిలిప్పీన్స్ దీవుల్లో మోరో యోధులతో పోరాడిన అమెరికా సైనికులు, తమ పాయింట్ ముప్ఫై ఎనిమిది రివాల్వర్లు ఎదుటి మనిషిని ఆపడం లేదని మొత్తుకున్నారు. తూటా లావుగా వుండాలి, పాయింట్ నలభై అయిదుకి తగ్గడానికి వీల్లేదు అంది సైన్యం. అంటే పదకొండు మిల్లీమీటర్ల పైచిలుకు. జాన్ బ్రౌనింగ్ అనే మహానుభావుడు ఆ పిస్తోలుని తయారుచేశాడు. పరీక్షల్లో ఒకే పిస్తోలుతో 6000 తూటాలు పేల్చినా ఒక్కసారి కూడా మొరాయించలేదు. 1911 మార్చి 29న సైన్యం దాన్ని తీసుకుంది. రెండు ప్రపంచ యుద్ధాలూ, కొరియా, వియత్నాం చూసి, 1985లో బెరెట్టా పిస్తోలుకి చోటిచ్చింది. డెబ్బై నాలుగేళ్ళ సర్వీసు! ఏ హీరోకుంది చెప్పండి.

డెజర్ట్ ఈగిల్ అలా కష్టపడి పైకొచ్చిన మనిషి కాదు. పుడుతూనే స్టారు. మ్యాగ్నమ్ రీసెర్చ్ అనే అమెరికా కంపెనీ, ఇజ్రాయెల్ ఆయుధ కర్మాగారం కలిసి 1980ల్లో బయటికి తెచ్చాయి. రైఫిల్లో లాగా పేలుడు గ్యాసుతో నడుస్తుంది. 1991 నాటికి పాయింట్ యాభై బోరు కూడా వచ్చింది. కోల్ట్ బరువు కిలో పైన ఓ వంద గ్రాములు, ఈగిల్ ఇంచుమించు రెండు కిలోలు. పొడవులో కోల్ట్ ఇరవై ఒకటిన్నర సెంటీమీటర్లు, ఈగిల్ ఇరవై ఏడు. ఏ పెద్ద సైన్యమూ దాన్ని తన మామూలు పిస్తోలుగా తీసుకోలేదు. సినిమావాళ్ళు మాత్రం నెత్తిన పెట్టుకున్నారు. 1999లో వచ్చిన ‘మ్యాట్రిక్స్’లో నల్ల కళ్ళద్దాల ఏజెంట్ల చేతుల్లో మీరు చూసింది అదే.

ఇంతవరకూ చెప్పగానే కెమెరా గెలిచినట్టు మీసం తిప్పాడు. ఆగవయ్యా అన్నాను.

పెద్ద పిస్తోలు మోజు హాలీవుడ్‌కి కొత్త కాదు. 1971లో ‘డర్టీ హ్యారీ’గా క్లింట్ ఈస్ట్‌వుడ్ పట్టుకున్నది పాయింట్ నలభై నాలుగు మ్యాగ్నమ్ రివాల్వర్. 1983లో ‘సడన్ ఇంపాక్ట్’ వచ్చేసరికి అంతకంటే ఘనంగా కనిపించాలని ఆటోమ్యాగ్ అనే సెమీ ఆటోమేటిక్ పిస్తోలు కూడా ఇచ్చారు. రెండేళ్ళ తర్వాత ‘డెత్ విష్ 3’లో ఛార్లెస్ బ్రాన్సన్ వైల్డీ అనే మరో భారీ పిస్తోలు పట్టాడు. ఇంట్లో టీవీ మీద టీవీ కొన్నట్టు!

వీటన్నిటికంటే నాకు నచ్చిన కథ 1987 నాటి ‘రోబోకాప్’ది. ఆ ఇనప పోలీసుకి మొదట ఎంచింది మన డెజర్ట్ ఈగిలే. తీరా ఆ కవచం తొడిగిన చేతిలో పెడితే, అంత పిస్తోలూ పిల్లలాట బొమ్మలా కనిపించింది. చిన్నదైపోయింది! దాన్ని పక్కన పెట్టి, బెరెట్టా 93 ఆర్ అనే తొమ్మిది మిల్లీమీటర్ల పిస్తోలుకి పొడుగాటి తొడుగు తగిలించి ఇచ్చారు. లావు బోరు ఓడిపోయింది, సన్న బోరు గెలిచింది. తెర మీద తూటా కొలత ఎవడికి కావాలి? చేతికి నప్పిందా లేదా, అంతే.

ఇంకో ముచ్చట వినండి. శామ్ పెకిన్పా తీసిన ‘ది వైల్డ్ బంచ్’ 1969లో వచ్చింది. 1913 ప్రాంతపు మెక్సికో సరిహద్దు కథ కాబట్టి వాళ్ళ చేతుల్లో వుండాల్సింది కోల్ట్. అయితే ఆ రోజుల్లో పాయింట్ నలభై అయిదు ఖాళీ తూటాలతో కోల్ట్ సరిగ్గా పనిచేసేది కాదు. ఖాళీ తూటా అంటే మందు వుంటుంది, గుండు వుండదు. గుండు లేకపోతే స్లైడుని వెనక్కి నెట్టేంత ఒత్తిడి రాదు. పెకిన్పా బృందం ఏం చేసింది? అచ్చం కోల్ట్ లాగే కనిపించే స్టార్ అనే స్పెయిన్ పిస్తోళ్ళు తెప్పించి, తొమ్మిది మిల్లీమీటర్ల ఖాళీ తూటాలు పేల్చింది. లోకమంతా కోల్ట్ అనుకుని చప్పట్లు కొట్టింది. డూపు పిస్తోలుకి కూడా ఇంత పేరొచ్చిందన్నమాట.

మనవాళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి. 1966లో ‘గూఢచారి 116’తో కృష్ణ పిస్తోలు పట్టాక ఆంధ్రదేశంలో కుర్రాళ్ళకి నిద్ర పట్టలేదంటారు మా నాన్నగారి తరంవాళ్ళు. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చాక గుర్రమూ, టోపీ, నడుముకి రివాల్వర్ తోడయ్యాయి. ఆ చిత్రాన్ని 2023లో కృష్ణ పుట్టినరోజు మే 31న మళ్ళీ విడుదల చేశారు. వేలికి రివాల్వర్ చుట్టి తిప్పే చోట ఇప్పటికీ ఈల పడుతుంది. గమనించండి, అది ఆ వేలి గొప్ప. ఆ చేతిలో రెండు కిలోల ఇనుము పెట్టి తిప్పమంటే వేలు విరుగుతుంది.

ఇక మా కుర్రాళ్ళ కథలోకి వద్దాం. రైతు హిందూపురం మార్కెట్‌లో పట్టుగూళ్ళు అమ్ముకుని డబ్బుతో తిరిగొస్తుంటే దారి కాచి దోచుకుంటారు. కొడుకు ఆ దొంగల్ని కోట కొండ మీదికి రప్పించి పిస్తోలు చూపిస్తాడు. బావుంది. మా సీమ అనగానే సుమోలు లేపి, బాంబులు విసిరే చిత్రాలు చూసి చూసి విసిగిపోయిన వాణ్ణి. పట్టుగూళ్ళ మీద కథ అనగానే ప్రాణం లేచొచ్చింది.

“బాబూ, ఆ పిస్తోలు మీ హీరోకి ఎక్కణ్ణించి వచ్చింది?” అన్నాను.

కెమెరా తల గోక్కున్నాడు. కథ మాత్రం రాసే పెట్టుకున్నాడు. హీరో ముత్తాత రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా సరిహద్దుకి వెళ్ళాడు. అక్కడ అమెరికా సైనికుడు ఒకడు ఇచ్చిన కోల్ట్ ఇంట్లో ట్రంకుపెట్టె అడుగున, గోనెపట్టాలో చుట్టి వుంది. తూటాల్లేవు. కొడుకు దాంతో బెదిరించడమే గానీ పేల్చలేడు. అది దొంగలకి తెలియదు. చూస్తున్న మనకి తెలుసు.

నేను కుర్చీలోంచి లేచాను. టీ కొట్టు కుర్చీ, పడబోయింది కూడా. అమెరికా సైన్యం ఆ యుద్ధంలో అస్సాం, బర్మా దారుల్లో పనిచేసింది, వాళ్ళ పిస్తోలు కోల్టే. లెక్క సరిపోతుంది. అదే డెజర్ట్ ఈగిలైతే? పట్టుగూళ్ళ రైతు కొడుక్కి ఎవడిచ్చాడు? మళ్ళీ ఓ డాన్ కావాలి, ఓ ముంబయి కావాలి, ఓ ఐటం పాట కావాలి. అదీగాక మీ హీరో కడ్డీ లాంటి పిల్లాడు. వాడి చేతిలో ఈగిల్ పెడితే జనం పిస్తోలునే చూస్తారు. భయపడే ఆ మొహాన్ని ఎవరు చూస్తారయ్యా?

కోల్ట్‌కే నా ఓటు అన్నాను. కథ నవ్వాడు. కెమెరా నవ్వలేదు. కాసేపు గ్లాసులో మిగిలిన టీ చూస్తూ కూచుని, గొంతు తగ్గించి అన్నాడు.

“అట్లయితే బొమ్మ యాలనా? మా పెదనాయన దగ్గర నిజమైందే ఉండాది. పాయింట్ ముప్ఫై రెండు. లైసెన్సు ఉండాది. ఒక్క పూట ఇస్తాననినాడు. క్లోజప్‌లో సూస్తే ఒరిజినల్ ఒరిజినలే గదా. తూటాలు తీసేసే ఇస్తాడులే.”

ఇక్కడ నాకు నవ్వు పోయింది. ఎందుకు పోయిందో చెప్పాలంటే, నేను ఇంతవరకూ ఎక్కడా రాయని సంగతి ఒకటి చెప్పాలి.

కొన్నేళ్ళ కింద ఓ చిన్న చిత్రం షూటింగుకి విలేఖరిగా వెళ్ళాను. ఏ చిత్రమో అనవసరం. రాత్రి షాట్. అద్దెకి తెచ్చిన పిస్తోలుతో ఖాళీ తూటా పేల్చారు. చెవుల్లో దూది పెట్టుకోమని నాకెవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. రెండు రోజులు కుడి చెవిలో కీచురాయి అరిచింది. అదంతా సరే. షాట్ అయ్యాక ఆ పిస్తోలు కుర్చీ మీద పడుంది. పక్కనే నాతో వచ్చిన స్నేహితుడు. నేను దాన్ని తీసి, వాడి నుదుటికి ఆనించి, హీరో పోజు పెట్టి, ఫోటో తీయమన్నాను. వేలు ట్రిగ్గర్ మీదే. ఫోటో బాగానే వచ్చింది. ఆయుధాలు చూసుకునే అతను పరిగెత్తుకొచ్చి లాక్కుని మ్యాగజైన్ తీశాడు, స్లైడు లాగాడు. లోపలినుంచి ఇంకో ఖాళీ తూటా బయట పడింది. అతను నన్ను ఏమీ అనలేదు. ఆ తూటాని జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

‘ఖాళీ’ అనే మాటలోనే వుంది మోసం. గుండు లేకపోయినా మందు మండుతుంది, గ్యాసు తన్నుకొస్తుంది. జాన్ ఎరిక్ హెక్సమ్ అనే అమెరికా నటుడు 1984 అక్టోబరులో ఓ టీవీ సీరియల్ సెట్ మీద, షాట్ ఆలస్యమవుతుంటే విసుగొచ్చి, ఖాళీ తూటా వున్న రివాల్వర్ కణతకి పెట్టుకుని సరదాకి నొక్కాడు. ఆరో రోజు చనిపోయాడు. బ్రూస్ లీ కొడుకు బ్రాండన్ లీ సంగతి మీలో చాలామందికి తెలుసు. 1993 మార్చి 31న ‘ది క్రో’ షూటింగులో పోయాడు. ఇరవై ఎనిమిదేళ్ళు. అంతకు ముందు క్లోజప్ కోసం వాడిన డమ్మీ తూటా గుండు గొట్టంలో ఇరుక్కుంది. ఎవరూ చూడలేదు. తర్వాత పేల్చిన ఖాళీ తూటా దాన్ని బయటికి నెట్టింది. గమనించారా, ‘క్లోజప్ కోసం’! మా కెమెరా అన్న మాటే.

2021 అక్టోబరు 21న న్యూ మెక్సికోలో ‘రస్ట్’ అనే చిత్రం రిహార్సల్లో ఛాయాగ్రాహకురాలు హలీనా హచిన్స్ చనిపోయింది. ఆ రివాల్వర్‌లో అసలు తూటా వుండకూడదు. వుంది. ఆయుధాల బాధ్యత చూసే ఆమెకి 2024లో పద్దెనిమిది నెలల జైలు శిక్ష పడింది. అంత పెద్ద దేశం, జీతమిచ్చి పెట్టుకున్న మనిషి, అయినా జరిగింది. మా మడకశిరలో ‘తూటాలు తీసేసే ఇస్తాడులే’ అన్న భరోసా మీద జరగదని ఎవరు చెప్పగలరు? పిస్తోలు సంగతి మళ్ళీ గుర్తు చేస్తున్నాను. మ్యాగజైన్ తీసేసినా ఒక తూటా లోపల గొట్టంలో వుండిపోవచ్చు. నా ఫోటో రోజున జరిగింది అదే.

చట్టం సంగతి కూడా చెప్పాను. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు మనిషికే, ఇంటికి కాదు. లైసెన్సు వున్నాయన ఎదుటగానీ, రాతపూర్వకంగా రాసిచ్చిగానీ మరొకరు దాన్ని మోసుకెళ్ళే వీలు కొన్నిటికే వుంది: మరమ్మతుకి, లైసెన్సు రెన్యువల్‌కి, ఆయన సొంత వాడకానికి. లఘుచిత్రం ఆ జాబితాలో లేదు. లైసెన్సు లేకుండా దగ్గర పెట్టుకున్నవాడికి, 2019 సవరణ తర్వాత, తక్కువలో తక్కువ రెండేళ్ళు. పెదనాయన లైసెన్సూ వుండదు, అబ్బాయి డిగ్రీ పట్టా తీసుకునే రోజుకి ఇంట్లోనూ వుండడు.

“నువ్వు మరీ భయపెడతాండావునా” అన్నాడు కెమెరా.

“అవునబ్బాయ్, భయపెట్టడానికే చెప్తున్నా” అన్నాను. ఇది సినిమా పత్రికలో రాసేవాడు అనాల్సిన మాట కాదు. మేము బతికేదే మీ చేత ఈలలు వేయించి.

ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు. ఆ నుదుటి మీది ఫోటో స్నేహితుడి దగ్గర ఇంకా వుంది. వాడికి మ్యాగజైన్ సంగతి తెలియదు. ఈ పేజీ చదివితే తెలుస్తుంది.

తర్వాతేమైందంటే, అన్నీ సుఖాంతం కాలేదు. కెమెరా వెళ్ళి పెదనాయనకి ‘వద్దు’ అని చెప్పాడు. ఆయనకి కోపమొచ్చింది. అడక్కుండానే ఇస్తానన్నవాణ్ణి, నన్ను దొంగని చేశారా అన్నాడట. షూటింగుకి ఇస్తానన్న మల్బరీ తోట ఇవ్వనన్నాడు, ట్రాక్టరూ లేదన్నాడు. పది రోజులు పని ఆగింది. నా మీద కూడా కెమెరాకి కోపమే. ఫోన్ చేస్తే కథే ఎత్తేవాడు.

బెంగళూరు బొమ్మకి డబ్బు కూడా ఈలోగా వేరే ఖర్చుల్లో పోయింది. చివరికి తలుపులూ కిటికీలూ చేసే వడ్రంగి ఒకాయన దగ్గరికి వెళ్ళారు. కోల్ట్ కొలతలన్నీ నేనే ఫోన్లో చెప్పాను. ఇరవై ఒకటిన్నర సెంటీమీటర్ల పొడవు, అందులో గొట్టం ఐదంగుళాలు. ఆయన వేపచెక్కతో చెక్కి, నల్లరంగు పూసి, పిడికి మాత్రం పట్టీలు విడిగా అంటించాడు. కూలి మూడొందలు. పేలేదైతే ఇంకో వంద తీసుకునేవాణ్ణి అన్నాడట.

షూటింగుకి ముందు పోలీస్ స్టేషన్‌కి వెళ్ళి, ఫలానా రోజు ఫలానా చోట చెక్క పిస్తోలుతో షూటింగ్ చేస్తున్నామని కాగితం రాసిచ్చి రమ్మన్నాను. వెళ్ళారు. అక్కడున్న కానిస్టేబుల్‌గారు పిస్తోలుని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, వేషం ఏదైనా వుందా అని అడిగారట. మీలో ఎవరైనా చిత్రాలు తీస్తుంటే ఈ పని మాత్రం మానకండి. దూరం నుంచి చూసేవాడికి వేపచెక్కో, ఇనుమో తెలియదు.

తోట పోయింది గనక దోపిడీ దృశ్యం పావగడ వైపు పోయే రోడ్డు పక్కన, తుమ్మచెట్ల కింద తీశారు. ఆఖరి దృశ్యం కోట కొండ మెట్ల మీద, సాయంత్రం ఎండలో. మొన్న నాకు ఆ ముక్క పంపించారు. పంపింది కెమెరాయే, అంటే మాటలు కలిశాయన్నమాట. పిస్తోలు మీద రెండు చోట్ల రంగు లేచి చెక్క కనిపిస్తోంది, అది చూసి దిద్దుకోమన్నాను. పిల్లాడి చెయ్యి మాత్రం భలే వణికింది. అది నటన కాదట, ఆ రోజు పొద్దున్నుంచీ వాడేమీ తినలేదట.

డబ్బింగు ఇంకా కాలేదు. పేరు కూడా కుదరలేదు, దాని మీద మళ్ళీ ఇద్దరికీ మాటల్లేవు. పూర్తయ్యాక చూసి ఎలా వుందో ఇదే పేజీలో చెబుతాను. వచ్చే వారం హీరోయిన్.